మరులుపులి నాలుగో కాలు

మనిషిని పులిగా మార్చే కథ చెప్పడం ఎవరికైనా చేతనవును. మూడు కాళ్లు పులివి చేసి, నాలుగోది మనిషి కాలుగానే వదిలేయాలన్న ఊహ గొప్ప కథకుడికే తడుతుంది. గోదావరి కోయల చెడిపె కథలో ఉన్నది ఆ పనితనమే.

చెడిపె అంటే మంత్రగత్తె. రాత్రిపూట పులినెక్కి ఏడు ఊళ్ల పొలిమేరలు చుట్టి, తెల్లారేసరికి ఇల్లు చేరుతుంది. గిట్టనివాడి ఇంటికి వెళ్తే మూసిన తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. మేలుకుని ఉన్నవాళ్లు కూర్చున్నచోటే ఒరిగిపోతారు. నిద్రపోయేవాడి కాలివేలు నోట పెట్టుకుని రక్తం పీలుస్తుంది. మర్నాడంతా వాడికి గంజాయి తాగినట్టు మత్తు. మందు తెలిసినవాడి చేతిలో పడితే పది రోజుల్లో లేస్తాడు, లేదంటే చిక్కి చిక్కి పోతాడు. అడవిలో పొద చాటున బట్టలు విప్పి, దారిన పోయేవాడి మీదికి పులై దూకినప్పుడు దాని పేరు మరులుపులి. అప్పుడే ఆ ఒక్క కాలు మనిషిదిగా ఉండిపోతుంది. గుండె ధైర్యం ఉన్నవాడు చేతికందిన ఆయుధంతో ఎదురుతిరిగితే పారిపోతుంది. సొంత ఊరివాడి కంట పడిందా, చటుక్కున ఆడమనిషైపోయి, దుంపలు తవ్వుకుంటున్నానని నింపాదిగా చెబుతుంది.

ఎంత నేర్పు చూడండి! అంత భయం చూపించి, చివరికి దుంపల దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. అడవిలో దుంపలు తవ్వని కోయ ఆడమనిషి ఉంటుందా? వినేవాడికి ఆ మాట నమ్మాలో వద్దో తేలదు. తేలకూడదనే కథకుడు అలా పెట్టాడు.

ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో అచ్చువేసిన దక్షిణాది శకునాల పుస్తకంలో ఇదంతా ఉంది. కోయ ఊరికి వెళ్లిన ఒక దేశీయ ఉద్యోగి విని రాసుకొచ్చిన సంగతి. కథ వయసెంతంటారా, ప్రాణహిత నదికున్నంత ఉంటుందని నా నమ్మకం. కోందు ఆదివాసుల కొండల్లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ మామూలు పులి మనిషికి నేస్తమే. మనిషిని చంపిందంటే అది పులి రూపంలో వచ్చిన భూదేవత తారి అయినా కావాలి, మ్లీపా అనే మాయపులి అయినా కావాలి.

ఈ కథ కంటే గొప్పది మంత్రానికి విరుగుడు. థర్‌స్టన్ పుస్తకంలోనే ఎజ్జుగాడి సంగతి చదివినప్పుడు రెండు రోజులు నాకు వేరే ధ్యాస లేదు. ఎజ్జుగాడంటే మందూ మంత్రమూ తెలిసినవాడు. ఎవరినైనా చంపాలనుకుంటే పచ్చని చెట్టు కిందికి వెళ్లి ముగ్గు పోస్తాడు. దాని మీద ఆ మనిషి బొమ్మ ఉంచుతాడు. అక్కడే విల్లు, బాణం పెట్టి, మంత్రం చదివి దేవతలను పిలుస్తాడు. రెండు రోజుల్లో మనిషి పోతాడని నమ్మకం. సంగతి ముందే పసిగడితే బాధితుడు ఇంకో ఎజ్జుగాడి దగ్గరికి పరుగెత్తుతాడు. ఆయన వేరే చెట్టు చూసుకుని అదే ముగ్గు, అదే తంతు నడిపిస్తాడు. అప్పుడు ఈ విల్లంబులు వెళ్లి ఆ విల్లంబులతో తలపడతాయి. మంత్రం బలం ఉన్నంతసేపూ విల్లూ విల్లూ పోట్లాడుకుంటూనే ఉంటాయి. మనిషి క్షేమంగా ఉంటాడు.

నేను రెండో ఎజ్జుగాడి పక్షం, దాచుకునేదేమీ లేదు. ఆయన మొదటివాడి ఇంటి మీద పడలేదు, ఊరిని పోగుచేయలేదు. పగనంతా రెండు చెట్ల కిందికి తరలించి అక్కడే తేల్చాడు. మన తెలుగు ఊళ్లలో పొలి చల్లేవాళ్లూ ఇదే దారిలో నడిచారు. ఊరి మీద గాలి సోకిందనుకున్నప్పుడు, బలి నెత్తురు కలిపిన అన్నాన్ని రాత్రిపూట పొలిమేర వెంట చల్లుకుంటూ పోతారు. చెడు ఎవరి ఇంట్లో ఉందని వెతకరు, ఊరి బయటికి పంపేస్తారంతే. మేడారంలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చే కోయ పూజారులు, వడ్డెలను చూసినప్పుడు కూడా నాకు ఇలాంటి పనితనమే కనిపిస్తుంది.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, ఏటపల్లి నుంచి గట్టా వైపు వెళ్లే దారిలో ఒక మాడియా గోండుల ఊళ్లో పెద్ద పూజారి పని దగ్గర కూర్చుని చూశాను. జ్వరంతో ఉన్న పిల్లాడిని తండ్రి ఒళ్లో పెట్టుకున్నాడు. ముసలాయన చేటలో గుప్పెడు బియ్యం పోసి, చిటికెతో గింజలు తీసి జంటలు జంటలుగా పేర్చాడు. ఒంటి గింజ మిగిలింది. దాన్ని పక్కకు నెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. మాట తక్కువ. ఆ వేళ్లు మాత్రం పూసలు గుచ్చుతున్నంత నెమ్మదిగా కదిలాయి. ఏ గింజకు ఏ దేవుడి పేరు తలుచుకున్నాడో పెదాలను బట్టి పోల్చుకోవాలి. చివరికి పిల్లాడి తాత దేవుడికి బాకీ ఉన్న కోడిని ఒప్పుకోమన్నాడు. ఒప్పుకున్నాక, వెంటనే ఏటపల్లి సర్కారు దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. ఉస్తాదు అంటే అలా ఉండాలి!

ఇప్పుడు గోడల మీద చూడండి. గంటల్లో గ్యారంటీ, చేతబడికి విరుగుడు, కింద ఫోన్ నంబరు. చెట్టు పేరు తెలియదు, దేవుడి వంశం తెలియదు, డబ్బు పంపే దారి మాత్రం బాగా తెలుసు. టీవీ సీరియళ్లు, వీడియోలు చేసే పాడు ఇంకొకటి. వాటిలో పులికి నాలుగు కాళ్లూ పులివే. ఆ ఒక్క కాలు తీసేశాక కథలో మిగిలేది గాండ్రింపే కదా. ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికా ఆదివాసులైన నవాహోలకు తోడేలు తోలు కప్పుకుని తిరిగే మంత్రగాళ్ల కథలున్నాయి. క్లైడ్ క్లుక్‌హోన్ 1944లో వాటి మీద పుస్తకమే రాశాడు. నవాహోలు ఆ సంగతి పరాయివాళ్ల ముందు ఎత్తడానికే ఇష్టపడరు. కాపుదలకు జంతువుల పిత్తంతో చేసిన మందు దగ్గర పెట్టుకుంటారు. ఆ గుంభనం కాస్తా ఇప్పుడు అర్ధరాత్రి సినిమాల సరుకైపోయింది.

సరుకైతే సరే అనుకోవచ్చు, ప్రాణాలు పోతుంటే ఎలా ఊరుకుంటాం? 2024 మే నెలలో ఏటపల్లి తాలూకాలోనే, బార్సేవాడలో, చేతబడి చేశారన్న అనుమానంతో ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి ఊరివాళ్లే కొట్టి, నిప్పంటించి చంపారు. 15 మంది అరెస్టయ్యారు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక, ఆ ఏడాదే మహారాష్ట్ర చేతబడి వ్యతిరేక చట్టం తెచ్చింది. దాని పేరు అందరికీ తెలుసు, అది ఆ ఊరి దాకా నడిచి రాలేదు.

పాతకాలం అంతా పుణ్యకాలమని నేననను. చెడిపె కథ విన్న ఆ ఉద్యోగికి అదే ఊళ్లో ఇంకో ముక్క కూడా చెప్పారు. చెడిపె అని ఒక ఆడమనిషిని చంపిన గుంపులోని వాడు జైలు శిక్ష అనుభవిస్తున్నాడట. తెలంగాణ పల్లెల్లో మంత్రం నోట పలకకుండా పళ్లు రాలగొట్టిన సంగతులు మన పెద్దలకు గుర్తే. కానీ 1943లో బస్తర్ మారియాల హత్య కేసులు వంద తీసి చూసి పుస్తకం వేసిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌కు చేతబడి అనుమానం కంటే తాగుడు, ఇంటి తగవులే ఎక్కువగా కనిపించాయి. అడవి మనుషులంటే మంత్రం పేరుతో చంపుకునేవాళ్లని తీర్పు చెప్పే పట్నం బాబులు ఆ పుస్తకం ఒకసారి తిరగేస్తే బాగుండును.

సిరొంచ, అహేరి, ఏటపల్లి బడుల్లో పంతుళ్లను నేనడిగేది ఒక్కటే. దసరా సెలవుల్లో పిల్లలను కథలు తెలిసిన ముసలివాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. మాడియాలో చెబితే మాడియాలోనే, కోయలో చెబితే కోయలోనే రాయించండి. పులి కాళ్లు లెక్కపెట్టించండి. కథ చెప్పేవాడు ఎవరైనా ఊళ్లో బతికున్న ఆడమనిషి పేరు ఎత్తితే, రాయడం ఆపించి, ఆ సాయంత్రమే ఊరి పోలీస్ పాటిల్‌కు కబురు పెట్టండి.