సున్నపు గోడలకు చుట్టాలు రావాలి

పాత మిద్దె కనిపిస్తే గోడకు అరచెయ్యి ఆనించి చూడటం నాకు అలవాటు. నడివేసవిలోనూ చల్లగా తగిలిందంటే అది గానుగ సున్నం పనే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, తడిపి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. ఆ ఓపికంతా గోడలో ఉంది.

నరసరావుపేటలోనూ గురజాలలోనూ అలాంటి ఇళ్లకు తాళాలు పడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పెద్దవాళ్లు వెళ్లిపోయారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. కప్పులో పగులు పడితే చూసేవారుండరు. ఒక వానాకాలం చాలు, అందులో రావిమొక్క మొలుస్తుంది. దాని వేరు గోడలోకి దిగాక చేసేదేమీ ఉండదు.

హైదరాబాదు ఫలక్‌నుమాకూ ఒకప్పుడు ఇదే గతి పట్టింది. 1884లో పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా గుట్ట మీద తన కోసం ఆ భవనం మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చి, రాజ్యానికి వచ్చే పెద్దల విడిది అయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక దశాబ్దాలపాటు తలుపులు మూతపడ్డాయి. నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా దగ్గరుండి చూసుకోగా, తాజ్ హోటళ్లవారు సుమారు పదేళ్లు మరమ్మతులు చేయించి, 2010 నవంబరులో 60 గదుల హోటలుగా తెరిచారు. 101 మంది వరసగా కూర్చునే ఆ భోజనాల బల్ల దగ్గర మళ్లీ వడ్డన మొదలైంది. ఆ భవనాన్ని బతికించింది మనుషుల రాకపోకలే అని నా నమ్మకం.

మనకు అంత హంగు అక్కర్లేదు. వచ్చేవారికి వీధి వైపు రెండు గదులు, శుభ్రమైన స్నానాల గది, పొద్దున వేడిగా నాలుగు ఇడ్లీలు చాలు. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూడటానికి, మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనానికి, ఎత్తిపోతల జలపాతానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చాలామంది సాయంత్రానికే గుంటూరు బస్సెక్కుతారు. ఒక రాత్రి ఉంటే ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి, ఆ డబ్బుతో కప్పు బాగుపడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. సున్నపు గోడకు సిమెంటు పూయకండి. సున్నం తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. గోడ ఉబ్బి, పెచ్చులూడుతుంది; ఆ తేమ పాతరాయిని కూడా తినేస్తుంది. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ల పక్కనే పెట్టుకుని ఈ పొరపాటు చేయడమేమిటి?

మీ ఊళ్లో తాళం వేసిన మిద్దె మీదైతే, అమ్మకం బోర్డు కట్టే ముందు సున్నం పని తెలిసిన పాత మేస్త్రీని ఒకరిని వెతికి పిలవండి. ముందు కప్పు చూపించండి. వచ్చే కార్తీకానికి ఒక్క గదైనా తెరవండి.