కుష్కా తెలుగు మాట కాదా?

మా ఊళ్లో ఎక్కడ ఏం తినాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. మొన్నటిదాకా ఆదివారం అనుబంధాలు చెప్పేవి, ఇప్పుడు యూట్యూబ్ వీడియోలు చెబుతున్నాయి. పద్ధతి మాత్రం ఒకటే. 'రాయలసీమ రుచులు' ఒక వరస: రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. 'ముస్లిం రుచులు' ఇంకో వరస: బిర్యానీ. అంతే. మరి మేము ఏ వరసలో వాళ్లం? మా తల్లులు సంగటి కెలకలేదా? పండగకో పెళ్లికో తప్ప మా పేద ఇళ్లలో బిర్యానీ ఎక్కడిది? మేము రాయలసీమ వాళ్లం కామని ఎవరూ నోరు తెరిచి అననక్కర్లేదు. వంటకాలను రెండు వరసల్లో రాస్తే చాలు.

రేణిగుంట జంక్షన్ ఊరు. గూడూరు, అరక్కోణం, కడప, తిరుపతి నాలుగు వైపుల రైళ్లూ ఇక్కడ కలుస్తాయి. ఇలాంటి ఊళ్లో తిండి ఆకలైనవాడిది కావాలి. కానీ రైలు తిండికీ కులమతాలు తప్పలేదు. బ్రిటిషు కాలంలో దేశంలోని అనేక స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముస్లిం పానీ' అని దాహాన్నే రెండు కుండల్లో పోశారు. మద్రాసు ప్రెసిడెన్సీ స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే చోటుండేది. పెరియార్, జస్టిస్ పార్టీ పోరాడితే 1941లో అది పోయింది. కుండలు పోయాయి, గోడలు పోయాయి. బోర్డులు మిగిలాయి.

అందుకే మా ఊళ్లో తినాలంటే ముందు బోర్డు చదవడం నేర్చుకోవాలి. 'మిలిటరీ హోటల్' అంటే మాంసం దొరుకుతుందని అర్థం. కోసిందెవరో, వండిందెవరో ఆ పేరు చెప్పదు. 'శుద్ధ శాకాహారం' అని రాస్తే శుచి అంటారు. 'హలాల్' అని రాస్తే వేర్పాటు అంటారు. రెండూ తినేవాడికి తెలియాల్సిన సంగతులే కదా! ఒకటి సంస్కారం, ఇంకొకటి మతోన్మాదం ఎలా అయ్యాయి? 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్లన్నీ యజమాని పేరు రాయాలన్నారు. అదే నెల 22న సుప్రీంకోర్టు ఆపింది. అక్కడ పేరు బయటపెట్టమని బలవంతం, ఇక్కడ పేరు దాచుకుంటేనే వ్యాపారం. రెండింటికీ మూలం ఒకే అనుమానం.

ఇక 'హైదరాబాదీ దమ్' బోర్డులు. మా వంటకు నిజాం సర్టిఫికెట్ దేనికి? 1801లో కంపెనీ చేతికి పోయేదాకా ఈ సీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలోది. మా బిర్యానీ చుట్టరికం ఆంబూరు వైపు: పొట్టి గింజ జీరగ సాంబా బియ్యం, పక్కన వంకాయ కూర. మార్గదర్శులు మా పళ్లెంలో చార్మినార్‌ను వెదుకుతారు. కనబడకపోతే మాది అసలైన బిర్యానీ కాదంటారు!

తినాల్సింది కుష్కా. ముక్క లేని బిర్యానీ అన్నం, మీద షేర్వా. ముక్కకు డబ్బుల్లేని హమాలీ, ఆటో డ్రైవరు, పాస్ మీద వచ్చే కాలేజీ పిల్లాడు కడుపు నింపుకునేది దానితోనే. ఏ వ్యాసంలోనూ దానికి ఫొటో ఉండదు. కుష్కా, షేర్వా, ఖీమా, పాయా, పలావు, కుర్మా: ఈ మాటలు మా ఇళ్లనుంచి నడిచివెళ్లి అందరి నాలుకల మీదా తెలుగైపోయాయి. మాటను తెలుగు చేసుకున్నవాళ్లు, ఆ మాట తెచ్చిన మనిషిని మాత్రం ఇంకా 'తురకోడు' అనే పిలుస్తున్నారు.

ఎప్పుడు తినాలన్నదీ తెలుసుకోవాలి. శనివారం మాంసం హోటలు డీలా. పెరటాసి నెలంతా అంతే. కొండకు పోయేటప్పుడు ముక్క ముట్టనివాళ్లు, దిగివచ్చి రైలెక్కే ముందు మా ఊళ్లో నిమ్మళంగా తింటారు. వాళ్ల నిష్ఠను మేము తప్పుపట్టం. రంజాన్‌లో మేమూ పగలు పొయ్యి ఆర్పుకుంటాం. కానీ ఎవరి నిష్ఠకైనా పొయ్యి ఆరితే, ఆ రోజు కూలి పోయేది పళ్లేలు కడిగే కుర్రాడికి. ఈ లెక్క ఏ రుచుల పట్టికలోనూ లేదు.

పెద్ద మాంసం సంగతి బోర్డుకే ఎక్కదు. 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. ఎద్దుకూ దున్నకూ పనికిరావన్న సర్టిఫికెట్ ఉంటే అనుమతి ఉంది. చట్టం ఒప్పుకున్నదాన్ని కూడా మేము, దళితులు గొంతు తగ్గించి అడిగి తినాలి. చవకైన తిండిని సిగ్గుపడే తిండిగా మార్చడం కంటే పెద్ద వెలి ఏముంది?

పక్కవాళ్లను అడిగే ముందు మమ్మల్ని మేము అడగవలసినదీ ఒకటుంది. మా హోటళ్లలో మా ఆడవాళ్లేరీ? ఇంట్లో అల్లం, వెల్లుల్లి ఒలిచి నూరేది వాళ్లు. సమోసాలు చుట్టేది వాళ్లు. గల్లా దగ్గర కూర్చునేది మగవాడు, బల్ల దగ్గర కూర్చునేదీ మగవాడే. 'బావర్చీ' అంటే మగవాడే గుర్తుకొస్తాడు. ఊరు మా పేరు దాచిందని గొంతెత్తే మేము, మా ఆడవాళ్ల పేరు పరదా వెనక దాచడం ఏ న్యాయం?

రుచి చెబితే మార్గదర్శి కాలేడు. అన్నం పెట్టిన చేతిని చెప్పాలి. సంగటి మాది కూడా అని రాయండి. కుష్కా మీది కూడా అని ఒప్పుకోండి. రెండు వరసలు చెరిపి ఒకే పట్టిక రాయండి. ఊరు పళ్లెంలో ఇప్పటికే కలిసిపోయింది. కలవనిది కాగితం మీదే.