ఎరుకలసాని - సెటిలుమెంటు : మాలపల్లి పఠనమున ఒక ప్రశ్న

యక్షగానములను పఠించినవారికి ఎరుకలసాని చిరపరిచిత. చంకను బుట్ట, వీపున బిడ్డ, చేత కోల - ఈ మూడును ఆమె పాత్రకు లక్షణములు. పరుల భాగ్యమును చెప్పుటకు ఆమె రాజాంతఃపురమున సైతము ప్రవేశింపగలదు. ఆకాశరాజు మందిరమునకు శ్రీనివాసుడే ఈ వేషమున వచ్చెనని వేంకటాచల కథ. ఎరుకలు వేరు, చెంచులు వేరు. అయినను సంచారజీవన గౌరవమున ఈ రెండు సంప్రదాయములకును పోలిక కలదు. ఆళ్లగడ్డ ప్రాంతమున అహోబిల నరసింహునకు చెంచులక్ష్మి దేవేరి. సంక్రాంతి వెళ్లిన పిమ్మట స్వామి పార్వేట పేర సుమారు 40 దినములు పల్లెపల్లెకు సంచరించును. ప్రతి పల్లెయు ఆయనకు హారతి పట్టును.

సంచరించు దేవునకు హారతి పట్టిన ఈ దేశముననే సంచరించు స్త్రీకి హాజరుపట్టీ తెరువబడినది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసినది. 1911 నాటి శాసనముతో అది మద్రాసు రాజధానికిని వర్తించినది. ఒక కులమును ప్రభుత్వము నేరస్థజాతిగా ప్రకటించినచో, ఆ కులమున పుట్టుటయే అనుమానమునకు చాలిన హేతువు. ఎరుకలవారు అట్లు ప్రకటింపబడినవారిలో ముఖ్యులు. స్టూవర్టుపురము, కావలి, కర్నూలు మండలమున ఆత్మకూరు సమీపమందలి సిద్ధాపురము మొదలగు తావుల సెటిలుమెంట్లు వెలసినవి. వీనిలో ఆత్మకూరు నేడు, 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనిది. అనగా ఈ చరిత్ర మనకు దూరపుది కాదు.

పై మూడు లక్షణములకును ఏ గతి పట్టెనో చూతము. వెదురునకు అడవియే ఆధారము. 1882 నాటి మద్రాసు అటవీచట్టము ఆ అడవికి హద్దులు గీచినది. బుట్టకు ముడిసరకు కరవైనది. నేరస్థజాతుల పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ఉంచుటకు శాసనము అధికార మొసగినది. బిడ్డ వీపుపై నుండునను ధైర్యము పోయినది. సోదె చెప్పుటకు ఊరూర తిరుగవలెను. సెలవుచీటి లేనిదే పొలిమేర దాటరాదు. కోల నిరర్థకమైనది. ఎరుకలవారు తీరమునుండి లోనాడులకు ఉప్పు చేరవేయు వర్తకులుగా ఉండిరనియు, రైళ్లును ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధికారమును ఆ వృత్తిని చెరచినవనియు మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. వృత్తి పోయినవారిని ముందు అనుమానించి, పిదప బంధించి, తుదకు వారి శ్రమను సంస్కారమను పేర వినియోగించుకొనిరి. స్టూవర్టుపురపు కూలీలు చీరాల పొగాకు కర్మాగారమునకు ఉపకరించిన తీరు ఇందులకు నిదర్శనము.

ఇక సాహిత్యము. సెటిలుమెంటును తెలుగు నవలలోనికి తెచ్చిన ఘనత ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లికి కలదు. చెరసాలలో రచింపబడి, 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధమునకు గురియైన ఆ గ్రంథమును ఈ వ్యాసకర్త అనేక వత్సరములు బోధించెను. రామదాసు కుటుంబము సెటిలుమెంటు పాలగుట కరుణరసపోషణకు పరాకాష్ఠ యని చెప్పుచు వచ్చెను. ఒకనాడు ఆళ్లగడ్డ ప్రాంతమునుండి వచ్చిన ఎరుకల విద్యార్థిని లేచి, "అయ్యా, రామదాసు కుటుంబము అన్యాయముగా అక్కడికి పోయినదని దుఃఖించుచున్నాము. పుట్టుకచేతనే అక్కడ నున్నవారి మాట యేమి? వారు అక్కడ నుండుట న్యాయమేనా?" అని అడిగెను. అప్పు డీ వ్యాసకర్తకు సమాధానము తోచలేదు.

ఆ ప్రశ్నలో ఒక విమర్శసూత్ర మిమిడియున్నది. మన జాలి నిర్దోషియొక్క సచ్ఛీలముపై ఆధారపడియున్నచో, ఆ శీలమునకు సాక్ష్యము లేనివారికి జాలి దక్కదు. రామదాసు భక్తుడు, జ్ఞాని. కనుక అతని బంధనము మనలను కలచివేయును. పేరులేని ఎరుకల స్త్రీ బంధనము మాత్రము కథకు రంగస్థలముగా మిగిలిపోవును. ఇది ఉన్నవవారి లోపమనుట తొందరపాటు. రాజ్యమును ధిక్కరించి ఆ ద్వారము తెరచినవా రాయనయే. ఆ ద్వారముకడనే నిలిచిపోయిన లోపము మనది, బోధకులది.

ఇట్టి చరిత్ర అమెరికాలోను కలదు. 1865లో బానిసత్వము రద్దయిన వెంటనే దక్షిణ రాష్ట్రములు దేశదిమ్మరితనమును నేరముగా చేసి, నల్లజాతివారిని పట్టి, ఖైదీకూలీలుగా గుత్తకిచ్చినవి. జార్జియాలో అట్లు శ్రమించిన నల్లజాతి స్త్రీల చరిత్రను తలీతా లెఫ్లోరియా 2015లో వెలువరించిరి. ఆంజెలా డేవిస్ తన చెరసాల అనుభవమును 1974 నాటి ఆత్మకథలో తానే చెప్పుకొనిరి. అక్కడ బంధిత స్త్రీ గ్రంథకర్త్రి యైనది. మన సెటిలుమెంటు స్త్రీ ఇంకను పరుల కథలో పాత్రయే. కారాగార సంస్కరణము అక్కడ స్త్రీల వాఙ్మూలములతో బలము పుంజుకొనినది. ఇక్కడ వాఙ్మూలసేకరణమే జరుగవలసినంతగా జరుగలేదు.

చట్టము పోయినంతమాత్రమున ముద్ర పోదు. అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను కమిటీ విచారించిన పిదప 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. కాని ఆంధ్రప్రదేశమున 1962లో అలవాటు నేరస్థుల చట్టము వచ్చెను. కారాగార నియమావళులందలి కులవివక్షను, విముక్తజాతులను అలవాటు నేరస్థులుగా పేర్కొను నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. ఖైదీల పట్టికలలో కులపు గడిని తొలగింపుమనెను. రద్దునకును ఈ తీర్పునకును నడుమ 72 సంవత్సరములు గడచినవి. ముద్ర ఎంతకాలము నిలుచునో దీనివలన స్పష్టమగును.

కావున పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. యక్షగానములలోని ఎరుకలసాని పాత్రను వేషభాషల దృష్టితో వర్గీకరించుట మేలే. కాని అంతటితో ఆగరాదు. సిద్ధాపురము నంద్యాలనుండి దూరము కాదు. అవ్వల జ్ఞాపకములు వారితోనే అంతరింపకమునుపే వారి మాటను వారి మాటగానే వ్రాసికొనవలెను. సెటిలుమెంటు రికార్డులతో సరిచూడవలెను. ఆ మీదట మాలపల్లిని మరల పఠింపవలెను. ఆ విద్యార్థిని ప్రశ్నకు అప్పుడుగాని సమాధానము దొరకదు.