తోట వైకుంఠం చిత్రాల్లో తెలంగాణ స్త్రీ: అలంకారం – శ్రమ

వ్యాససంగ్రహం:
చిత్రకారుడు తోట వైకుంఠం కళాప్రస్థానాన్ని పరిశీలించి, ఆయన చిత్రాల్లోని గ్రామీణ స్త్రీ అలంకారం శోభ కోసమేనా, లేక ఒక విలువను ప్రకటిస్తున్నదా అనే ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలంగాణ చిత్రకళ, వైకుంఠం, జానపద సంప్రదాయం, స్త్రీరూపం, శ్రమ.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలోని అంకాపూర్‌లో పసుపు తవ్వే రోజుల్లో, కొమ్ములు విరిచే కూలీ స్త్రీల అరచేతులకు రంగు అంటుకుంటుంది. ఎంత కడిగినా అది వెంటనే పోదు. అదే పసుపు పండుగనాడు పాదాలకు పూసుకుంటే మంగళచిహ్నం. ఒకే రంగు ఒకచోట శ్రమకు గుర్తు, మరొకచోట అలంకారం. వైకుంఠం స్త్రీరూపాలను చూసినప్పుడు ఈ రెండర్థాల్లో ఒకటి నిండుగా కనిపిస్తుంది, మరొకటి కనిపించదు. దీనికి కారణాన్ని అన్వేషించవలసి ఉంది.

2. జీవితం – శిక్షణ:
వైకుంఠం 1942లో నాటి కరీంనగర్ జిల్లాలోని బూరుగుపల్లిలో జన్మించారు. ఊరికి వచ్చే నాటక బృందాల్లో స్త్రీవేషం కట్టే పురుషుల రంగులు, ఆభరణాలు బాల్యంలోనే ఆయనను ఆకర్షించాయి. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించిన తరువాత, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. జానపద కళను ఆధునిక కళకంటే తక్కువగా చూడని దృష్టి సుబ్రహ్మణ్యన్‌ది. అందువల్ల బరోడా వైకుంఠాన్ని ఊరికి దూరం చేయలేదు. ఊరిని చూసే చూపును ఇచ్చింది.

3. శైలీ పరిణామం:
బొగ్గుతో గీసిన తొలి రేఖాచిత్రాల్లో ఆయన బలం గీతలో ఉంది. తరువాత ఆ గీతలోకి ఎరుపు, నారింజ, పసుపు వంటి ముదురు రంగులు చేరాయి. నల్లని నిండు దేహం, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముక్కుపుడక, అంచు చీర, భుజాన చిలుక – ఇవి ఆయన ముద్రలయ్యాయి. నేపథ్యంలో ఇల్లు గానీ పొలం గానీ దాదాపు ఉండవు. స్త్రీయే చిత్రఫలకమంతా ఆక్రమిస్తుంది. తెల్లని మేనిఛాయను, సన్నని నడుమును అందానికి కొలమానాలుగా భావించే కేలండరు బొమ్మల సంస్కృతికి ఇది స్పష్టమైన ప్రతివాదం.

4. 'దాసి' చిత్రం – ఒక సాక్ష్యం:
ఈ స్త్రీల చేతుల్లో పని కనిపించదు కనుక చిత్రకారునికి శ్రమ తెలియదని భావించడం పొరపాటు. బి. నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన 'దాసి' చలనచిత్రానికి కళాదర్శకులు వైకుంఠమే. అందుకు జాతీయ పురస్కారం కూడా లభించింది. గడీలో వెట్టిబతుకు బతికే స్త్రీకి తన దేహంపైన, గర్భంపైన కూడా హక్కు లేని స్థితిని ఆ చిత్రం చూపింది. ఆ స్త్రీ తిరిగే గదులను, ఆమె చుట్టూ ఉండే వస్తువులను రూపొందించిన కళాకారుడు, చిత్రఫలకంపై మాత్రం స్త్రీని తీరికగా, నిండుగా కూర్చోబెట్టారు. కనుక శ్రమను వదిలివేయడం అజ్ఞానం కాదు, ఎంపిక. చరిత్ర నిరాకరించిన తీరికను, గౌరవాన్ని చిత్రం ఆమెకు ఇస్తున్నదని ఈ వ్యాసరచయిత అభిప్రాయం.

5. పరిమితి:
అయితే ఈ గౌరవానికి ఒక మూల్యం ఉంది. అవే ముఖాలు, అవే బొట్లు పునరావృతమవుతున్నాయన్న విమర్శను తోసిపుచ్చలేం. బెంగాలు పటచిత్రాల నుంచి స్ఫూర్తి పొందిన జామినీ రాయ్ (1887–1972) కూడా ఒకే రూపాన్ని పదేపదే చిత్రించారు. జానపద కళలో పునరావృత్తి దోషం కాదు, అక్కడ రూపం సమూహానిది. గ్యాలరీలో మాత్రం అది సంతకంగా, క్రమంగా సరుకుగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు తెలంగాణ స్త్రీ గోడకు తగిలించుకునే గుర్తుగా మిగిలి, పొలంలోని స్త్రీ చూపు నుంచి తొలగిపోతుంది.

6. ముగింపు:
వైకుంఠం చిత్రాల్లో అలంకారం పైపూత కాదు, అణగారిన దేహానికి ఇచ్చిన ఎత్తు. కానీ ఆ చిత్రాలను మాత్రమే తెలంగాణ స్త్రీకి ప్రతినిధులుగా బోధిస్తే సగమే చెప్పినవారమవుతాం. వాటిని 'దాసి'తో కలిపి చదవాలి. అంకాపూర్ పసుపు కళ్లాల్లోని అరచేతులను కూడా ఆ పక్కనే నిలిపి చూడాలి. రంగుకున్న రెండర్థాలూ అప్పుడే పూర్తవుతాయి.