నల్లజాతి కళయందలి రౌద్రము

రౌద్రరసమునకు స్థాయి క్రోధము. భరతముని దీనిని రాక్షస దానవులకును, ఉద్ధతులగు మనుష్యులకును చెందినదానిగా నిర్వచించెను. కొట్టువాడు, నఱకువాడు, ఆయుధ మెత్తువాడు దీనికి ఆశ్రయము. మఱి దెబ్బ తిన్నవాని క్రోధము మాట యేమి? వానికి ఆయుధము లేదు. శత్రువు ఒక్కడు కాడు. ఇట్టి క్రోధమును తిక్కన యెఱుగును. ఉద్యోగపర్వమున ద్రౌపది కృష్ణునకు చూపినది దుశ్శాసనుడు పట్టి యీడ్చిన తన తలవెండ్రుకలనే. అవమానపు గుర్తే యచ్చట ఉద్దీపనవిభావ మైనది. అమెరికాలోని నల్లజాతి కళాకారులు గడచిన యఱువదేండ్లలో కావించిన రచనలలో మేలైనవానికి బలము ఈ మార్గముననే చేకూరినది.

బెటీ సార్ 1972లో కూర్చిన ‘ఆంట్ జెమైమా విమోచనము’ ఇందులకు ప్రథమోదాహరణము. ఆంట్ జెమైమా యనునది 1889లో పుట్టిన యొక అట్లపిండి సరకు పేరు. తెల్లవారి యింట వండిపెట్టుచు, వారి బిడ్డల నెత్తుకొని, యెల్లప్పుడును నవ్వుచుండు నల్లదాసి బొమ్మ యా పొట్లములపై నుండెడిది. ఆ పేరు 2021లో గాని మాఱలేదు. అట్టి దాసిబొమ్మలు ఇండ్లలో పలువిధములగు సామగ్రిగా నుండెడివి. వ్రాతకాగితములు నిలుపుటకై చేసిన యట్టి బొమ్మ నొకదానిని సార్ తీసికొని, పెట్టెలో నిలిపి, ఒక చేత చీపురును ఉండనిచ్చి, రెండవచేత తుపాకి నుంచెను. వెనుక నిండుగ ఆ పొట్లముల ముఖములే వరుసలు దీరినవి. ముందు బిగించిన నల్లపిడికిలి. అంతయు కలసి 12 అంగుళముల యెత్తునకు మించదు.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హతుడైన పిదపనే తన కళ రాజకీయములవైపు మఱలెనని ఆమె చెప్పియున్నది. అయినను ఆ బొమ్మ మొగమున భ్రుకుటి లేదు, రక్తనేత్రములు లేవు, పెదవి కఱచుట లేదు. సార్ నవ్వును చెఱపలేదు. సామాన్యశిల్పి యైనచో తప్పక చెఱపి యుండును! అనుభావ మొక్కటియు లేకయే విభావబలముచేత తక్కినవి యాక్షేపింపబడునని మమ్మటాదులు చెప్పినదానికి ఇంతకంటె స్ఫుటమైన లక్ష్యము దొరకుట యరిది. కోపము బొమ్మయందు కాదు, చూచువానియందు పుట్టును.

ఇట్టి రచనలు ప్రచారమే గాని కళ కావని యాక్షేపించువారు గలరు. కోపము ప్రశాంతచిత్తమును చెఱచును, చిత్తము చెడినచోట రూపము నిలువదని వారి వాదము. 1963లో బర్మింగ్‌హామ్ నగరమున క్రైస్తవదేవాలయమున బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి. ఆ వార్త విని గాయని నీనా సిమోన్ మొదట తుపాకి చేయబోయెననియు, భర్త వారింపగా వాద్యముకడ కూర్చుండి పాట కట్టెననియు ఆమె యాత్మకథయందు గలదు. ఆ పాట వరుస నాటకశాల పాటవలె చురుకుగ నుండును. మాటలు మాత్రము నిప్పులు. ఈ వైషమ్యమును కూర్చినది చెదరిన చిత్తము కాజాలదు. కోపము తగ్గినందున రూపము కుదిరిన దనుట కంటె, రూపము దొరకినందున కోపము నిలిచిన దనుట యుక్తము.

ఫెయిత్ రింగోల్డ్ 1967లో వ్రాసిన 12 అడుగుల వెడల్పు చిత్రమును (‘చావు’మని దాని పేరు) గూడ పలువు రీ వర్గముననే చేర్తురు. పికాసో ‘గెర్నికా’ ప్రభావ మందు గలదు. కాని అందు తెల్లవారును నల్లవారును ఒక్కరీతినే నెత్తురోడుచున్నారు. నడుమ ఇరుజాతుల బిడ్డ లిద్దరు ఒకరి నొకరు కఱచుకొని యున్నారు. ఆలంబన మేర్పడలేదు. అది భయానకము; గొప్ప చిత్రమే, కాని రౌద్రమునకు లక్ష్యము కాదు.

కారా వాకర్ 2014లో బ్రూక్లిన్‌లోని పాత చక్కెర కర్మాగారమున, తలగుడ్డ కట్టిన దాసిముఖముగల సింహాకృతిని సుమారు 75 అడుగుల పొడవున నిర్మించి తెల్లని చక్కెర పూయించెను. చెఱకుతోటలలో బానిసలు చేసిన చాకిరియే యిచ్చట ద్రవ్యమైనది. ప్రేక్షకులలో కొందఱు సహృదయులు కారైరి. ఆ విగ్రహము నంగములను వెక్కిరించుచు ఛాయాచిత్రములు దిగిరి. వాకర్ వారిని వారింపలేదు. వారి చేష్టలను చలనచిత్రముగ తీయించి, ‘ప్రేక్షకులు’ అను పేరిట ప్రదర్శించెను.