సగటు లెక్కలో మాయమైన వాడ

ప్రాంతీయ ఆర్థికశాస్త్రం పేరుతో మన విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనకు ఒక అలవాటుంది. అది జిల్లాను చూస్తుంది, మండలాన్ని చూస్తుంది, వాడను మాత్రం చూడదు. తలసరి ఆదాయం, సాగునీరు, అక్షరాస్యత, అన్నీ జిల్లా సగటుగా మారిపోతాయి. దొరా, దొర పొలంలో కూలికి పోయే మాదిగా ఒకే సగటులో పక్కపక్కన కూర్చుంటారు. ఊళ్లో జరగని ఈ సహపంక్తి భోజనం పట్టికలో మాత్రం జరిగిపోతుంది!

మిగులు నిధుల చర్చనే తీసుకుందాం. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదని 1969లో తెలంగాణ లేచింది. మిగులు ఎంతో తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, తర్వాత భార్గవ కమిటీ కూర్చున్నాయి. తెలంగాణకు అన్యాయం జరిగిన మాట నిజమే, మేము కాదనడం లేదు. కానీ ఆ పైసలు ఏ ప్రాంతానివి అన్నదే అప్పటి లెక్క. ఎవరి చెమటలోంచి వచ్చాయి, తిరిగొస్తే ఎవరి చేతికి పోతాయి అన్నది ఆ లెక్కలో లేదు.

2010లో శ్రీకృష్ణ కమిటీ ఆదాయాలను సామాజిక వర్గాల వారీగా విడదీసి చూసింది. అప్పుడేం కనబడింది? అంతకు ముందటి దశాబ్దంలో దళితుల, ఆదివాసుల, మైనారిటీల ఆదాయాలు తెలంగాణలో తగ్గాయి, కోస్తాంధ్రలో పెరిగాయి. ఎందుకట్లా జరిగింది? ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని సిద్ధాంత గ్రంథాలు రావాలి!

పరిశోధన అడగని ప్రశ్నను ప్రభుత్వమూ అడగదు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకు ఎకరాకు, పంటకు 4,000 రూపాయలిచ్చింది. పరిమితి పెట్టలేదు. నలభై ఎకరాల ఆసామికి పంటకు 1,60,000. కౌలుదారుకు సున్నా, కూలికి సున్నా. 2025 జనవరిలో రైతుభరోసా కింద ఎకరాకు ఏడాదికి 12,000 అన్నారు. భూమిలేని కూలీ కుటుంబానికి కూడా ఏడాదికి 12,000 అన్నారు. అంటే ఒక కుటుంబం ఒక ఎకరంతో సమానం! తరతరాలుగా భూమి దక్కనివ్వని వాళ్లకు భూమినే కొలబద్ద చేస్తే ఇంతకంటే ఏం వస్తుంది?

డేటా లేదంటారు. జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ కులాలు వేరుగా ఉన్నాయి. వ్యవసాయ గణనలో మన కమతాలు వేరుగా ఉన్నాయి. లేనిది డేటా గాదు, అడిగే మనసు. కులం గురించి ప్రశ్న వేస్తే "అది సోషియాలజీ వాళ్ల పని" అని మాకూ చెప్పారు.

మరి అంబేద్కర్ ఎవరి పని చేసినట్టు? బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ ప్రావిన్సులకూ మధ్య పైసల పంపకం మీద ఆయన రాసిన గ్రంథం 1925లో అచ్చయింది. కులాన్ని నిర్మూలించమన్న మనిషే ఖజానా లెక్కలూ విప్పి చూశాడు. ఆయన ఫొటోకు దండ వేసే ఆర్థికశాస్త్ర శాఖలు ఆయన పుస్తకాన్ని పాఠం చెయ్యవెందుకు?

మేము కోరేది చిన్నదే. వెనకబాటు మీద వేసే ప్రతి పట్టికలో కులానికో గడి పెట్టండి. మీరు పెట్టకపోతే మా పిల్లలు పెడతారు. వాళ్లిప్పుడు ఎం.ఎ. క్లాసుల్లో వెనక బెంచీల మీద ఉన్నారు, లెక్కలు నేర్చుకుంటున్నారు.