కఫాన్ని కదిలించే కోటు

కఫం ఊరడం రోగం కాదు. శ్వాసనాళాల లోపలి గోడలపై శైలికలనే సన్నని నూగు ఉన్నది. అది నిరంతరం అల్లాడుతూ ధూళినీ, క్రిములనూ కఫంతోపాటు గొంతువైపు నెడుతుంది. మనిషి తెలియకుండానే దానిని మింగివేస్తాడు. ఈ నూగు చెడి, నాళాలు సాగి సంచులవలె అయినప్పుడే చిక్కు. కఫం అక్కడే నిలిచి, క్రిములకు స్థావరమవుతుంది. ఈ వ్యాధికి బ్రాంకియెక్టాసిస్ అని పేరు.

నిలిచిన కఫాన్ని కదిలించడానికి అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో వారెన్ వార్విక్, లీలాండ్ హాన్సెన్ అనేవారు 1980 దశకంలో ఒక కోటును రూపొందించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకవ్యాధి గలవారి కొరకు తయారైన ఈ కోటుకు చేతులు లేవు. లోపల గాలిసంచి ఉంటుంది. విద్యుద్యంత్రం గొట్టాల గుండా సెకనుకు సుమారు 5 నుండి 20 సార్లు గాలిని తోసి వదులుతుంది. రొమ్ము అదురుతుంది. నాళాలలోని గాలి చిన్న చిన్న తోపులుగా కదిలి, గోడలకంటిన కఫాన్ని పలుచన చేసి వదులు చేస్తుంది. ఒక్కొక్క విడత 20, 30 నిమిషాలు.

యుక్తి మెచ్చదగినదే. అయితే కోటు తొడిగితే కఫం పోతుందన్న నమ్మకం సగమే నిజం. కోటు చేసేది కదిలించడం. బయటికి తేవలసినది రోగి దగ్గే. మధ్యమధ్య యంత్రం ఆపి దగ్గనివానికి అదురు తప్ప మరేమీ దక్కదు.

పరీక్షల ఫలితాలు కూడా ఏకముఖంగా లేవు. 2013లో ఇటలీవారు 30 మంది బ్రాంకియెక్టాసిస్ రోగులపై జరిపిన చిన్న పరీక్షలో కోటుదే పైచేయి. అదే ఏడు ప్రకటితమైన కెనడా పరీక్ష అంతకంటె పెద్దది: 12 కేంద్రాలు, 107 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు, ఒక సంవత్సరం. ముఖానికి మాస్కు పెట్టుకొని ఒత్తిడికి ఎదురుగా ఊదినవారికి రోగం సగటున 1.14 సార్లు తిరగబెట్టగా, కోటు తొడిగినవారికి 2 సార్లు తిరగబెట్టింది. ఆ మాస్కుకు విద్యుత్తుతో పనిలేదు!

ఇక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి చోట్ల సంగతి చూడాలి. భారతదేశంలోని 2195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు 2019లో వెలువడ్డాయి. వారిలో మూడోవంతుకు పైగా రోగులకు మూలం పాత క్షయ. క్షయ మానినా దాని మచ్చ మానదు. అటువంటి ఊపిరితిత్తులలో రక్తనాళాలు బలహీనమై, దగ్గులో నెత్తురు పడడం అరుదు కాదు. నెత్తురు పడుతున్నప్పుడు రొమ్మును అదిలించడం ప్రమాదం. పక్కటెముక విరిగినవారికీ కోటు తగదు. కనుక ముందు గళ్ళ పరీక్ష; క్షయ మళ్ళీ లేచిందేమో చూసిన తరువాతే తక్కినది. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. భూపాలపల్లి గనులలోని బొగ్గుధూళివలననో, పొయ్యిపొగవలననో ఆయాసం వచ్చి, గళ్ళ పడనివారికి కోటుతో కలిగే మేలు స్వల్పం. లేని కఫాన్ని యంత్రం ఎక్కడినుండి తెస్తుంది?

మహబూబాబాద్‌లో 2022లోను, మిగిలిన రెండుచోట్ల 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలిశాయి. యంత్రం కొనేముందు అక్కడ నేర్పదగిన విద్య ఒకటి ఉన్నది. రోగి నెమ్మదిగా కొన్నిసార్లు ఊపిరి పీల్చుకొని, తరువాత రొమ్ము నిండా గాలి తీసి రెండు మూడు క్షణాలు బిగబట్టి, చివరకు అద్దంపై ఆవిరి పట్టించినట్లు నోరు తెరిచి "హా" అని గట్టిగా వదలాలి. గళ్ళ పైకి వచ్చినప్పుడు దగ్గి ఉమ్మాలి. దీనికి నేర్పే మనిషి కావాలి, ఓపిక కావాలి, ఖర్చు లేదు.

ఇంత చెప్పినా కోటును కొట్టిపారవేయరాదు. చెప్పినట్లు ఊపిరి తీయలేని పసివారికీ, నరాల జబ్బుతో కండరాలు సడలినవారికీ, వీపు తట్టే మనిషి ఇంట లేనివారికీ అది ఆసరా. అయితే వార్డులో ఒకే కోటును పదిమందికి తొడిగితే ఒకరి క్రిములు మరొకరికి అంటుతాయి. ఎవరి కోటు వారికే ఉండాలి; ఖర్చు లెక్కలో ఈ సంగతి తరచు మరుగునపడుతుంది.